భవనాలలో వెలుతురు: ఉపయోగించేవారి చేతిలో నియంత్రణ

ప్రత్యేక వ్యాసం

ఉదయం పదిన్నర గంటలకు ఏ కార్యాలయంలోనికి వెళ్ళినా తరచుగా కనిపించే దృశ్యం ఒకటి ఉన్నది. వెలుపల ఎండ ధారాళంగా కాస్తూ ఉంటుంది. కిటికీలకు బ్లైండ్లు దించి ఉంటాయి. లోపల ఈ గోడ నుండి ఆ గోడ వరకు ట్యూబులైట్లన్నీ వెలుగుతూ ఉంటాయి. ఆ బ్లైండ్లను ఎవరు దించారో, ఎప్పుడు దించారో అక్కడ పనిచేసేవారికి సైతం జ్ఞాపకం ఉండదు. ఏనాడో ఒక ఉదయం తూర్పు ఎండ ఎవరి కంప్యూటర్ తెరపైనో పడి ఉంటుంది. ఆ అరగంట ఇబ్బంది కోసం దించిన తెర నెలల తరబడి అట్లే ఉండిపోతుంది.

దీనిని సిబ్బంది అశ్రద్ధగా భావించి, విద్యుత్తును పొదుపు చేయవలసినదిగా సర్క్యులర్ జారీ చేయడం పరిపాటి. అయితే గదిలో వెలుతురును మనుషులు ఏ విధంగా సర్దుకుంటారన్న విషయమై నాలుగు దశాబ్దాలకు పైగా జరిగిన పరిశీలనలు వేరొక కారణాన్ని చూపుతున్నాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ 1978లో ప్రచురించిన అధ్యయనంలో కార్యాలయ కిటికీల బ్లైండ్లను నిశితంగా గమనించారు. బ్లైండును ఒకసారి తమకు అనువుగా పెట్టుకున్న తరువాత ఉద్యోగులు దానిని చాలా అరుదుగా మాత్రమే కదిలిస్తున్నారని తేలింది. పరిశోధకులు కావాలని స్థానం మార్చిన చోట మాత్రం వారు మళ్ళీ తమకు నచ్చిన స్థితికి తెచ్చుకున్నారు. బ్రిటన్‌లోని బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌కు చెందిన హంట్ 1979లో దీపాల వాడకంపై ఇటువంటి విషయాన్నే వెల్లడించారు. గదిలోనికి అడుగుపెట్టినప్పుడు పగటి వెలుతురు ఎంత ఉన్నదన్న దానిని బట్టి మనిషి స్విచ్ వేయాలా, వద్దా అని నిర్ణయించుకుంటాడు. ఒకసారి వేసిన దీపాన్ని, తరువాత వెలుతురు ఎంతగా పెరిగినా, గది ఖాళీ అయ్యే వరకు ఆర్పడం అరుదు.

అనగా వెలుతురు గురించిన నిర్ణయం దినానికి ఒకటి రెండుసార్లు మాత్రమే జరుగుతుంది. ఆ క్షణంలో స్విచ్ ఎక్కడ ఉన్నది, అది ఏయే దీపాలను వెలిగిస్తుంది, బ్లైండు తాడు చేతికి అందుతుందా లేదా అనేవి తక్కిన దినమంతటినీ శాసిస్తాయి.

తలుపు వద్ద స్విచ్, మూలన మనిషి

సాధారణంగా సెక్షన్ హాలులో స్విచ్ బోర్డు తలుపు ప్రక్కన ఉంటుంది. అందులో అయిదారు స్విచ్‌లు వరుసగా ఉంటాయి. ఏది ఏ దీపానిదో వ్రాసి ఉండదు. అంతకంటె ముఖ్యమైన లోపం గోడ లోపల ఉన్నది. అనేక భవనాలలో వైరింగు కిటికీ గోడకు లంబంగా సాగుతుంది. ఒక స్విచ్ వేసినప్పుడు కిటికీ ప్రక్కన ఉన్న దీపం, నడుమ ఉన్న దీపం, చీకటి మూలన ఉన్న దీపం మూడూ కలిసి వెలుగుతాయి. లోపలి మూలన కూర్చున్న ఉద్యోగికి వెలుతురు అవసరం కాబట్టి కిటికీ ప్రక్కన సైతం దీపం వెలగక తప్పదు. ఆ దీపాన్ని ఆర్పవలెనని అక్కడి ఉద్యోగి కోరుకున్నా, ఆర్పితే ఎదుటివాని బల్ల చీకటి అవుతుంది. ఇందులో ఎవరి అశ్రద్ధా లేదు. అదే వైరింగును కిటికీ గోడకు సమాంతరంగా వేసినట్లయితే మొదటి వరుస ఒక స్విచ్, నడిమి వరుస ఒక స్విచ్, లోపలి వరుస ఒక స్విచ్ అవుతాయి.

కిటికీ నుండి వచ్చే వెలుతురు ఎంత లోతు వరకు పనికివస్తుందో చెప్పుటకు వాస్తుశిల్పులు ఒక ఉజ్జాయింపు వాడతారు. నేల నుండి కిటికీ పైఅంచు ఎంత ఎత్తున ఉన్నదో, అందుకు ఒకటిన్నర నుండి రెండు రెట్ల దూరం వరకు ఆ వెలుతురు చదవడానికి, వ్రాయడానికి అక్కరకు వస్తుంది. పైఅంచు 2.1 మీటర్ల ఎత్తున ఉంటే సుమారు 3 నుండి 4 మీటర్ల వరకు అన్నమాట. ఆరు మీటర్ల వెడల్పు గల హాలులో సగానికి పైగా స్థలం పగటివేళ సహజ కాంతితో గడుస్తుంది. బయట వెలుతురుకు కొదవ లేదు. ఎండ కాసే మధ్యాహ్నం బయట కాంతి లక్ష లక్స్ వరకు ఉంటుంది. కార్యాలయాలలో సాధారణ పనికి భారతీయ ప్రమాణాల సంస్థ సూచించినది 300 నుండి 750 లక్స్ మాత్రమే. పగటి వెలుతురును గణించుటకు ఆ సంస్థ ఆకాశపు కాంతిని చాలా తక్కువగా, 8,000 లక్స్‌గానే తీసుకున్నది. నేరుగా పడే ఎండను అసలు లెక్కలోనికే తీసుకోలేదు. ఆ లెక్క ప్రకారం అందులో ఒక శాతం గదిలోనికి చేరితే 80 లక్స్. నాలుగు శాతం లోపుననే 300 లక్స్ సమకూరుతుంది.

వెలుతురు అవసరం అందరికీ ఒక్కటి కాదు. వయస్సు పెరిగే కొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపుబారుతుంది. అరవై ఏళ్ళ వ్యక్తి కంటి తెరను చేరే కాంతి ఇరవై ఏళ్ళ యువకునికి చేరే దానిలో సుమారు మూడో వంతు మాత్రమేనని కంటి శాస్త్రం చెబుతున్నది. పదవీ విరమణకు చేరువైన సూపరింటెండెంటు, కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటు ఒకే ట్యూబులైటు క్రింద ఒకే ఫైలును చదువుతున్నారు. ఒకరికి చాలని వెలుతురు మరొకరికి ఎక్కువ. ఒకరు కాగితం చూస్తారు, మరొకరు తెర చూస్తారు. గదికంతటికీ ఒకే స్థాయిని నిర్ణయించి ఇద్దరినీ తృప్తిపరచడం ఇంజనీరుకు సాధ్యమయ్యే పని కాదు. కిటికీ ఉన్న గది అధికారికి, కిటికీకి దూరమైన హాలు గుమాస్తాలకు అన్న పద్ధతి కూడా అనేక చోట్ల స్థిరపడిపోయింది. అధికారి పర్యటనలో ఉన్నంత కాలం ఆ కిటికీ వెలుతురు ఖాళీ కుర్చీ మీద పడుతూ ఉంటుంది.

గోల్కొండ్ ఉదాహరణ

నివసించేవారి చేతికే వెలుతురును అప్పగించిన భవనం మన దేశంలో ఎనభై సంవత్సరాల క్రిందటనే వెలసింది. అది పుదుచ్చేరిలోని శ్రీ అరవిందాశ్రమ వసతిగృహం, పేరు గోల్కొండ్. ఆంటోనిన్ రేమండ్ దీనికి రూపకల్పన చేయగా జార్జ్ నకాషిమా, ఫ్రాంటిషెక్ సామర్ నిర్మాణ బాధ్యతలో పాలుపంచుకున్నారు. పనులు 1937 ప్రాంతంలో ప్రారంభమై 1940వ దశకంలో పూర్తయినాయి. ఈ పేరుకు హైదరాబాదుతో సంబంధం ఉన్నది. నిజాం సంస్థాన ప్రధానిగా ఉండిన సర్ అక్బర్ హైదరీ ద్వారా అందిన విరాళం ఈ నిర్మాణానికి ఆధారమైంది. అందుకు గుర్తుగా ఆశ్రమ మాతృమూర్తి దీనికి గోల్కొండ పేరును ఫ్రెంచి రూపంలో పెట్టారు.

ఈ భవనం తూర్పు పడమరలుగా పొడవుగా సాగుతుంది. ఉత్తర, దక్షిణ ముఖాలలో సాధారణమైన కిటికీలు లేవు. వాటి స్థానంలో గోడ పొడవునా అడ్డంగా అమర్చిన, కదిలే పలకలు ఉన్నాయి. గదిలో ఉన్నవారు తమ గది పలకలను తామే తెరుచుకోవచ్చు, వాల్చుకోవచ్చు, మూసుకోవచ్చు. గదికి, నడవకు మధ్య జరిపే టేకు తలుపులు సైతం గాలి చొరబడే విధంగా ఉంటాయి. బయట నుండి చూసినప్పుడు ఒక గది పలకలు తెరిచి, ప్రక్క గదివి సగం వాలి, ఆ పై గదివి మూసి కనిపిస్తాయి. భవనం ముఖం ఏకరీతిగా ఉండవలెనని పట్టుపట్టి కిటికీలను బిగించివేసే నేటి అద్దాల భవనాల యజమానులు ఈ ముఖాన్ని ఒకసారి చూడదగును.

తెలుగునాట ఇండ్లకు ఇది కొత్త కాదు. పాత ఇండ్లలోని నాలుగు రెక్కల చెక్క కిటికీలో పై రెక్కలు వేరు, క్రింది రెక్కలు వేరు. క్రింది రెక్కలు మూస్తే వీధిలోనివారి చూపు లోపలికి రాదు, పై రెక్కల నుండి వెలుతురు లోపలికి దిగుతుంది. మండువా ఇంటిలో నడిమి ఖాళీ నుండి నాలుగు వసారాలకూ వెలుతురు పంచుకునేవారు. ఎండ ఏ వైపు ఉంటే దానికి ఎదురు వసారాకు కూర్చునే చోటు మారేది. పెంకుటింటి వంటగదిలో ఒక అద్దపు పెంకు సరిపోయేది. వేసవిలో వట్టివేళ్ల తడికెలు కట్టేవారు, పొద్దు వాలగానే చుట్టివేసేవారు. కాంక్రీటు ఇండ్లు, అల్యూమినియం కిటికీలు వచ్చిన తరువాత ఈ చిన్న చిన్న ఏర్పాట్లు ఒక్కొక్కటిగా కనుమరుగైనాయి. వాటి స్థానంలో ఒక మందపాటి పరదా మిగిలింది. దానిని వేస్తే చీకటి, తీస్తే ఎండ.

హైదరాబాదులోని సి.ఐ.ఐ. సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఆ పాత సూత్రాన్నే కొత్త రూపంలో వాడింది. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ రూపొందించిన ఈ భవనాన్ని 2004 జులై 14న నాటి రాష్ట్రపతి ఏ.పి.జె. అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన తొలి భవనం ఇదే. వర్తులాకారపు నడిమి వాకిలి చుట్టూ గదులు, ఎండను వడగట్టే జాలీ గోడలు ఇందులోని ముఖ్యాంశాలు. పగటివేళ అధిక భాగం గదులలో దీపాల అవసరం కలగని విధంగా దీనిని నిర్మించారు.

ఎండను ఆపే పని సన్‌షేడ్ చేస్తుంది కదా, బ్లైండు ఎందుకన్న ప్రశ్న రావచ్చు. హైదరాబాదులో దక్షిణపు కిటికీకి 45 సెంటీమీటర్ల సన్‌షేడ్ ఉన్నదనుకుంటే, మార్చి, సెప్టెంబరు మాసాల చివరి వారాలలో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు 73 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఆ సన్‌షేడ్ నీడ కిటికీపై 1.4 మీటర్ల వరకు దిగుతుంది. కిటికీ మొత్తం నీడలోనికి వస్తుంది. డిసెంబరు చివర సూర్యుడు 49 డిగ్రీలకు దిగిపోతాడు, నీడ అర మీటరు మాత్రమే. ఇక తూర్పు, పడమర కిటికీల సంగతి చెప్పనవసరం లేదు. ఉదయం, సాయంత్రం అడ్డంగా వచ్చే కిరణాలను ఏ సన్‌షేడూ ఆపలేదు. ఆ ఎండ గంటసేపు ఉండి పోతుంది. గంటసేపు ఉండి పోయే ఎండకు కదలని గోడ పరిష్కారం కాదు. అక్కడ కావలసినది కదిలే పలక, దానిని కదిలించే చెయ్యి.

నియమావళి ఏమి చెబుతున్నది

ఇంధన పరిరక్షణ చట్టం 2001ని అనుసరించి బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ రూపొందించిన భవన నియమావళి, అనగా ఇ.సి.బి.సి., 2007 మే మాసంలో వెలువడింది. 100 కిలోవాట్లు అంతకు మించిన విద్యుత్ లోడు గల వాణిజ్య భవనాలకు ఇది ఉద్దేశింపబడింది. 2017లో దీనిని సవరించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 జనవరిలో రాష్ట్ర పరిస్థితులకు అనుగుణంగా ఈ నియమావళిని స్వీకరించింది. 2022లో చట్టానికి చేసిన సవరణ పెద్ద నివాస భవనాలను సైతం ఈ పరిధిలోనికి తెచ్చే వీలు కల్పించింది.

విద్యుత్ పొదుపు నియమావళి అనగానే ఎన్ని వాట్లు మించరాదన్న అంకె ఒక్కటే ప్రచారానికి నోచుకుంటుంది. అందులో మనిషి చేతికి సంబంధించిన నిబంధనలు 2007 నాటి ప్రతిలోనే ఉన్నాయి. గోడలతో వేరుపడిన ప్రతి గదికి కనీసం ఒక నియంత్రణ సాధనం ఉండవలెను. అది సులభంగా చేతికి అందవలెను, ఆ స్విచ్ ఎక్కడ ఉన్నదో గదిలోనివారి కంటికి కనిపించవలెను. పగటి వెలుతురు పడే స్థలం 25 చదరపు మీటర్లకు మించినప్పుడు, ఆ స్థలంలోని దీపాలకు మాత్రమే సంబంధించిన ప్రత్యేక నియంత్రణ ఉండవలెను. అది చేతితో పనిచేసేదైనా, స్వయంచాలితమైనా, అక్కడి దీపకాంతిని కనీసం సగానికి తగ్గించగలిగి ఉండవలెను. కిటికీకి సమాంతరంగా వైరింగు వేయమని వేరుగా చెప్పనవసరం లేదు. ఈ నిబంధన పాటించాలంటే అట్లా వేయక తప్పదు.

ఇండ్ల కొరకు 2018లో వెలువడిన ఎకో నివాస్ సంహిత తెరుచుకునే కిటికీ వైశాల్యాన్ని నిర్దేశించింది. హైదరాబాదు వంటి మిశ్రమ వాతావరణ ప్రాంతంలో నేల వైశాల్యానికి అది కనీసం 12.5 శాతం, విశాఖపట్నం, విజయవాడ వంటి ఉక్కపోత ప్రాంతాలలో 16.66 శాతం ఉండవలెను. ఇక్కడ తెరుచుకునే అన్న విశేషణం ముఖ్యం. బిగించిన అద్దం ఈ లెక్కలోనికి రాదు.

యంత్రానికి ఏది, మనిషికి ఏది

సెన్సర్లు అమర్చితే మనిషితో పని లేదన్న అభిప్రాయం ఒకటి ప్రబలంగా ఉన్నది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు 88 అధ్యయనాలను, నివేదికలను క్రోడీకరించి 2012లో ప్రచురించిన విశ్లేషణ ఈ అభిప్రాయాన్ని పునఃపరిశీలించవలసిన అవసరం కల్పిస్తున్నది. మనుషులు లేనప్పుడు దీపాలు ఆర్పే సెన్సర్ల వలన సగటున 24 శాతం, పగటి వెలుతురును బట్టి దీపాలను తగ్గించే ఏర్పాటు వలన 28 శాతం విద్యుత్తు ఆదా అయినట్లు వారు గణించారు. ఎవరి దీపాన్ని వారే సర్దుకునే ఏర్పాటు వలన ఆదా 31 శాతం. చేతికి అధికారం ఇస్తే జనం దీపాలను ఎడాపెడా వాడుతారన్న భయానికి ఇక్కడ ఆధారం దొరకలేదు.

అమెరికాలోని ఆల్బనీ నగరంలో కార్యాలయం వంటి గదులను ఏర్పాటు చేసి జరిపిన ప్రయోగాల ఫలితాలు 2006లో వెలువడినాయి. సాధారణ దీపాల క్రింద పదిమందిలో సుమారు ఏడుగురు వెలుతురు సౌకర్యంగా ఉన్నదన్నారు. తమ దీపాన్ని తామే తగ్గించుకునే, పెంచుకునే వీలున్నప్పుడు పదిమందిలో సుమారు తొమ్మిదిమంది ఆ మాట అన్నారు. అందువలన పని వేగం పెరిగిందని మాత్రం నేరుగా తేలలేదు. అయితే దినమంతా పనిపై ఆసక్తి నిలబడడంలో తేడా కనిపించింది. దీపాల కంపెనీల ప్రకటనలు ఈ రెండింటిని ఒకటిగా చూపుతూ ఉంటాయి. పాత్రికేయులు ఈ తేడాను గమనించవలసి ఉన్నది.

అనుభవంలో నిలిచిన పద్ధతి ఏమిటంటే, వెలిగించే పని మనిషిది, ఆర్పే పని యంత్రానిది. మనిషి అడుగుపెట్టగానే అన్ని దీపాలను వెలిగించే సెన్సర్, అవసరం లేని చోట కూడా వెలిగిస్తుంది. మనిషి స్వయంగా వేసుకునే ఏర్పాటులో పగలు వెలుతురు చాలినప్పుడు అతడు స్విచ్ జోలికే పోడు. మరచిపోయి వెళ్ళినప్పుడు సెన్సర్ ఆర్పివేస్తుంది. ఇందుకు విరుద్ధంగా, కదలకుండా చదువుకుంటున్నవారిపై దీపం ఆరిపోయే సెన్సర్‌ను, ఎవరి ప్రమేయం లేకుండా పైకి క్రిందికి జరిగే బ్లైండును జనం సహించరు. అటువంటి సెన్సర్‌పై కాగితం అతికించబడి కనిపించినట్లయితే దానిని క్రమశిక్షణా రాహిత్యంగా కాక, గది నుండి వచ్చిన ఫిర్యాదుగా స్వీకరించడం ఉచితం.

పదిమంది కూర్చునే హాలులో ప్రతి వ్యక్తికీ వేరు స్విచ్ ఇవ్వడం కష్టమే. పైకప్పు దీపాలను మితంగా ఉంచి, బల్లపై ఒక చిన్న దీపం ఇవ్వడం ఇందుకు సులభమైన మార్గం. వయస్సు మీరినవారు, చూపు తక్కువైనవారు దానిని వాడుకుంటారు, తక్కినవారు వాడుకోరు. ఎల్.ఇ.డి. దీపాలు రావడంతో కాంతిని తగ్గించే పని తేలికైంది. పాత చోకు ట్యూబులైటుతో అది సాధ్యమయ్యేది కాదు. డిమ్మర్ వాడదలచినప్పుడు అందుకు అనువైన ఎల్.ఇ.డి. దీపాన్నే కొనుగోలు చేయవలెను, లేనిచో దీపం మిణుకుమిణుకుమంటుంది.

ఖర్చు విషయం దాచవలసిన పని లేదు. 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు 12 ఉన్న హాలు దినానికి 8 గంటలు, సంవత్సరానికి 250 దినాలు పనిచేస్తే 480 యూనిట్లు ఖర్చవుతాయి. కిటికీ ప్రక్కన ఉన్న 4 దీపాలను దినానికి 6 గంటలు ఆర్పితే 120 యూనిట్లు మిగులుతాయి. పాత ట్యూబులైట్ల కాలంలో ఈ అంకె రెండింతలకు పైగా ఉండేది. దీపం పొదుపరి అయ్యే కొద్దీ దానిని ఆర్పడం వలన మిగిలే రూపాయి తగ్గుతుంది. ఏ.సి. గదిలో దీపపు వేడిని బయటికి పంపే విద్యుత్తు సైతం కొంత కలిసివస్తుంది గాని, కేవలం బిల్లును చూపి ఈ ఏర్పాట్లను సమర్థించడం ఇకపై కష్టం. వీటి అసలు ప్రయోజనం ఆ హాలులో ముప్పై సంవత్సరాల ఉద్యోగ జీవితం గడిపేవారి కంటికి సంబంధించినది.

ఈ మాట ఆసుపత్రి వార్డుకు మరింత వర్తిస్తుంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రి రికార్డులను పరిశీలించి రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన పరిశోధన ప్రసిద్ధమైనది. శస్త్రచికిత్స తరువాత కిటికీ నుండి చెట్లు కనిపించే గదులలో ఉన్నవారు, ఇటుక గోడ కనిపించే గదులలో ఉన్నవారి కంటె త్వరగా ఇంటికి వెళ్ళారు, తీవ్రమైన నొప్పి మందులు తక్కువ వాడారు. మన వార్డులలో కిటికీ ఉన్నా దాని రెక్క రోగికి అందదు. తలపైన ఉన్న ట్యూబులైటు స్విచ్ నర్సు బల్ల దగ్గర ఉంటుంది. రాత్రి ఒక రోగికి మందు ఇచ్చుటకు వేసిన దీపం వార్డులోని అందరినీ మేల్కొలుపుతుంది. మంచానికి ఒక చిన్న దీపం, చేతికి అందే ఒక స్విచ్ ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

అంచనాల దశలోనే

ఇప్పటికే ఉన్న భవనాలలో చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. కిటికీలకు అడ్డుగా నిలిపిన బీరువాలను, ఫైళ్ల ర్యాకులను లోపలి గోడ వైపునకు మార్చడం మొదటిది. ఇందుకు ఏ మంజూరూ అవసరం లేదు, నలుగురు మనుషులు చాలు. ప్రతి స్విచ్ క్రింద అది ఏ వరుసదో వ్రాసిన చీటీ అతికించడం రెండవది. కంప్యూటర్ తెరను కిటికీకి ఎదురుగా గాని, వెన్నుగా గాని కాక ప్రక్కవాటుగా తిప్పితే మిరుమిట్లు తగ్గుతాయి, బ్లైండు దించవలసిన అవసరమూ తగ్గుతుంది. గొలుసు తెగిన బ్లైండ్లకు వార్షిక మరమ్మతు పద్దులో చోటు కల్పించవలెను. తాడు తెగిన బ్లైండు సాధారణంగా దించిన స్థితిలోనే ఆగిపోతుంది.

కొత్తగా నిర్మించే కార్యాలయాలు, పాఠశాలలు, ఆసుపత్రుల విషయంలో, విద్యుత్ పనుల అంచనాలను పరిశీలించే అధికారి దీపాల సంఖ్యతో పాటు సర్క్యూట్ల చిత్రాన్ని కూడా తెప్పించి చూడవలెను. ఏ స్విచ్ ఏ వరుసను వెలిగిస్తుందో, కిటికీ గోడ ఏ వైపున ఉన్నదో ఆ చిత్రంలో కనిపిస్తుంది. తరగతి గదిలో నల్లబల్లపై దీపానికి వేరుగా స్విచ్ ఉన్నదా, బ్లైండు గొలుసు కూర్చున్నవారికి, చక్రాల కుర్చీలో ఉన్నవారికి అందుతుందా అన్నవి కూడా అప్పుడే అడగవలసిన ప్రశ్నలు. ఆ దశలో మార్పుకు అయ్యే ఖర్చు కాగితంపై గీసిన ఒక గీత, కొన్ని మీటర్ల తీగ. గోడలకు పూత పూర్తయిన తరువాత అదే మార్పు చేయాలంటే గోడను తొలిచి, గొట్టాలను మార్చి, మళ్ళీ పూత పూయవలసి వస్తుంది.